కొబ్బరి నూనె అంట్ల సబ్బు: ఏ తేడాకు ఏ కారణం

ఒంటి సబ్బులో చర్మం కోసమని 5 నుంచి 8 శాతం నూనె మిగిలేలా లెక్క వేస్తారు. గిన్నెలు తోమే సబ్బులో ఆ మిగులు ఉంటే అదే మళ్లీ జిడ్డు. అందుకని ఇక్కడ నూనె దాదాపు మొత్తం సబ్బుగా మారిపోవాలి. కింద చెప్పేవన్నీ ఈ కొలతకు సంబంధించినవి:

కొబ్బరి నూనె 500 గ్రాములు
కాస్టిక్ సోడా 91 గ్రాములు
నీళ్లు 185 గ్రాములు

నీళ్లతో సహా అన్నీ డిజిటల్ కాటా మీద తూచాలి. గ్లాసులు, చెంచాల కొలతలు ఈ పనికి పనికిరావు. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోకుండా సోడా డబ్బా మూత తీయొద్దు. సోడాను కొంచెం కొంచెంగా నీళ్లలో వేయాలి తప్ప సోడా మీద నీళ్లు పోయకూడదు. ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. గిన్నె, గరిటె స్టీలువే ఉండాలి. అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా తినేస్తుంది, పైగా మంటకు అంటుకునే హైడ్రోజన్ వస్తుంది. ఒంటి మీద పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి. వెనిగర్, నిమ్మరసం రాయొద్దు. కంట్లో పడితే ముందు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఎంత తిప్పినా చిక్కబడటం లేదు

గరిటెతో తిప్పుతుంటే ముప్పావుగంట పట్టడం మామూలే. హ్యాండ్ బ్లెండర్‌తో పది నిమిషాలు దాటినా పలచగానే ఉంటే సరుకును అనుమానించాలి. మూత సరిగా లేని డబ్బాలో కాస్టిక్ సోడా గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని బలం పోగొట్టుకుంటుంది. పలుకులు అతుక్కుని గడ్డ కట్టినా, పైన తెల్లటి పొడి పట్టినా దాన్ని సబ్బుకు వాడొద్దు. రెండో అనుమానం నూనె మీద. కొన్ని తలనూనెల్లో లిక్విడ్ పారాఫిన్ కలుస్తుంది. అది ఎన్నటికీ సబ్బు కాదు. లేబుల్ మీద వంటకు పనికొచ్చే కొబ్బరి నూనె అని ఉన్నదే కొనండి.

చిక్కబడినట్టే ఉంది, అచ్చులో పోశాక నూనె తేలింది

ఇది చలికాలం తంటా. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. చల్లటి నూనెలో సోడా నీళ్లు పోస్తే నూనె పేరుకోవడాన్నే సబ్బు చిక్కబడటం అనుకుంటాం. మొత్తం మళ్లీ గిన్నెలోకి తీసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి 40, 45 డిగ్రీలకు తెచ్చి బ్లెండర్ తిప్పాలి. గరిటెతో వేసిన గీత పైన నిలబడితే అప్పుడు అచ్చులో పోయాలి.

రెండు రోజులైనా మెత్తగా, జిడ్డుగా ఉంది

కొలత సరిగ్గానే తూచి ఉంటే, తర్వాత ఏం కలిపారో గుర్తు తెచ్చుకోండి. జిడ్డు బాగా వదులుతుందని నిమ్మరసం, వెనిగర్, వంట సోడా కలిపేవాళ్లు చాలామంది. మూడూ కాస్టిక్ సోడాను తినేసేవే. 100 మిల్లీలీటర్ల నిమ్మరసానికి 3 గ్రాములకు పైగా, 10 గ్రాముల వంట సోడాకు దాదాపు 5 గ్రాములు పోతుంది. ఆ మేరకు నూనె సబ్బు కాకుండా మిగిలిపోతుంది. 5 గ్రాముల సోడా తగ్గితే మిగిలే నూనె సుమారు 27 గ్రాములు, అంటే 5 శాతం పైమాటే. వెనిగర్‌ను తయారైన సబ్బులో కలిపితే సబ్బునే విరగ్గొడుతుంది.

దీనికి మందు: సబ్బును తురిమి, 100 మిల్లీలీటర్ల నీళ్లు చల్లి, స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరిగే నీళ్లలో పెట్టి కరిగించాలి. తక్కువైన సోడాను లెక్క కట్టి, రెండింతల నీళ్లలో కలిపి, అందులో పోసి గంటసేపు ఉంచాలి. ఏం కలిపారో, ఎంత కలిపారో తెలియకపోతే గుడ్డిగా సోడా పోయొద్దు. దాన్ని బట్టల మరకలకు వాడుకోవడం మేలు.

కోస్తుంటే పెళ్లలు పెళ్లలుగా విరుగుతోంది

కొబ్బరి సబ్బు చాలా తొందరగా రాయిలా అవుతుంది. మిగతా సబ్బుల్లా మర్నాటిదాకా ఆగితే కత్తి దిగదు. పోసిన మూడు, నాలుగు గంటల నుంచి వేలితో నొక్కి చూస్తూ, గోరువెచ్చగా ఉండగానే కోయాలి. విడివిడి అచ్చుల్లో పోస్తే ఈ గొడవే ఉండదు.

అయితే సోడా ఎక్కువైనా ఇలాగే విరుగుతుంది. మూడో రోజున తడి వేలిని సబ్బుకు రుద్ది నాలుక కొసకు తాకించండి. సబ్బు రుచి తగిలితే సరే. చురుక్కుమని కొడితే సోడా మిగిలిందన్నమాట; వెంటనే నోరు కడుక్కోవాలి. నూనె మార్చి సోడా మార్చకపోవడమే దీనికి ఎక్కువసార్లు కారణం. 500 గ్రాముల కొబ్బరి నూనెకు 91 గ్రాములు సరిపోతే, అంతే వేరుశనగ నూనెకు 68 గ్రాములు చాలు. ఆ 23 గ్రాములు చేతుల్ని కాలుస్తాయి. గ్లవ్స్ వేసుకుని తురిమి, పైన చెప్పినట్టే కరిగించి, 125 గ్రాముల కొబ్బరి నూనె కలిపితే మిగులు సోడా దానితో సరిపోతుంది. నాలుక పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

అచ్చులో ఉబ్బింది, మధ్యలో పగిలింది

వేడెక్కింది, అంతే. కొబ్బరి సబ్బుకు దుప్పటి కప్పొద్దు, ఫ్యాను గాలి తగలనివ్వండి. పైన తెల్లటి పొడి కనిపిస్తే అది సోడియం కార్బొనేట్. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

నురగ బాగానే ఉంది, ఆరాక స్టీలు కంచాల మీద తెల్లటి పొర

సబ్బు తప్పు కాదు, నీళ్లది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి గిన్నెలకు అంటుకుంటాయి. సోడా పెంచినా, ఇంకా సబ్బు రుద్దినా తెట్టు తగ్గదు. తయారీలోనే నిమ్మ ఉప్పు కలపాలి: 500 గ్రాముల నూనెకు 10 గ్రాములు ముందు నీళ్లలో కరిగించి, తర్వాత కాస్టిక్ సోడా వేయాలి. ఆ నిమ్మ ఉప్పు 6 గ్రాముల సోడాను తీసుకుంటుంది కాబట్టి 91 బదులు 97 గ్రాములు తూచాలి. ఇలా తయారయ్యే సోడియం సిట్రేట్ కాల్షియంను పట్టి ఉంచుతుంది. ఈ 6 గ్రాములు మరిచిపోతే మళ్లీ జిడ్డు సబ్బే.

ఇప్పటికే చేసేసిన సబ్బుకైతే, ఆఖరిసారి కడిగే బకెట్ నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ వేసి, గిన్నెల్ని ముంచి తీయండి. నీళ్లు మరీ ఉప్పగా ఉండే ఊళ్లలో సిట్రేట్ కూడా పూర్తిగా ఆదుకోలేదు. బజారులో దొరికే అంట్ల బార్లు చాలావరకు డిటర్జెంట్లు గనక అక్కడ నెగ్గుతాయి. అలాంటి చోట ఈ సబ్బును ఫిల్టర్ నీళ్లతోనో, పట్టిన వాన నీళ్లతోనో వాడితేనే ఫలితం.

వారంలోనే కరిగిపోతోంది

నాలుగు వారాలు గాలికి ఆరకముందే వాడేస్తున్నారు, లేదా నీళ్లు నిలిచే డబ్బాలో పెడుతున్నారు. కొబ్బరి సబ్బు నీళ్లలో ఇట్టే కరుగుతుంది. చిల్లుల పెట్టెలో పెట్టి, పీచును సబ్బుకు రుద్దండి. చేతులు ఎండిపోతుంటే సోడాను 91 నుంచి 89 గ్రాములకు తగ్గించొచ్చు. అంతకన్నా తగ్గిస్తే గాజు గ్లాసులు మసకేస్తాయి.