కారు బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే, కొత్తది కొనేముందు చేయవలసిన పరీక్షలు

హన్మకొండలో మా ఇంటి ముందు నిలిపే కారుకు 14 నెలల్లో రెండుసార్లు బ్యాటరీ మార్చాను. ఆ రెండోది కూడా ఒక ఉదయం సెల్ఫ్ కొట్టగానే టక్‌టక్‌మని ఆగిపోయింది. దుకాణంలో మళ్లీ "సెల్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. లోపం బ్యాటరీలో లేదని, ఇంజనుకు వెళ్లే ఎర్త్ వైరు చివర తుప్పు పట్టడం వల్ల ఛార్జింగ్ సరిగా అందడం లేదని ఒక పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ చూపించేసరికి నా డబ్బు ఖర్చయిపోయింది. బ్యాటరీ దిగిపోవడం చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు లక్షణం మాత్రమే. ఆ జబ్బు బ్యాటరీలో ఉందా, ఛార్జింగ్‌లో ఉందా, కారు ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎక్కడికైనా పోతోందా అన్నది తేల్చుకోవడానికి ఒక డిజిటల్ మల్టీమీటరు, ఒక సెలవు రోజు ఉదయం సరిపోతాయి.

మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి మూడు సందర్భాల్లో కొలవాలి. రాత్రంతా ఆగి ఉన్న కారు బానెట్ ఎత్తి, ప్రోబులను క్లాంపులకు కాకుండా నేరుగా సీసపు టర్మినళ్లకే ఆనించి చూసినప్పుడు 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే సుమారు ముప్పాతిక, 12.2 ఉంటే సగం ఉన్నట్టు. 12కు దిగువన దాదాపు ఖాళీ అనే లెక్క. నిండుకూ ఖాళీకీ మధ్య తేడా ముక్కాలు వోల్టు కూడా ఉండదు కాబట్టి దశాంశాన్ని నిర్లక్ష్యం చేయకూడదు. పూర్తిగా ఛార్జ్ చేసిన తరువాత కూడా 10.5 దగ్గరే నిలిచిపోతే ఆరు సెల్స్‌లో ఒకటి పోయినట్టే, ఎందుకంటే ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు 2.1 వోల్టులు.

రెండవ కొలత, ఇంట్లో ఎవరినైనా తాళం తిప్పమని సెల్ఫ్ తిరుగుతుండగా చూడవలసినది. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ ఆ క్షణంలో 9.6 కంటే కిందికి పడకూడదు. ముందు 12.6 చూపించి సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో పడిపోతే లోపలి ప్లేట్లు బలహీనపడ్డాయని అర్థం. అలా కాకుండా వోల్టేజీ 12 దగ్గరే నిలిచి సెల్ఫ్ మాత్రం తిరగకపోతే బ్యాటరీని తప్పుపట్టనవసరం లేదు, వైర్లనో సెల్ఫ్ మోటారునో చూడాలి.

మూడవది ఇంజను నడుస్తుండగా, హెడ్‌లైట్లు, ఏసీ వేసి, యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి పట్టినప్పటి కొలత. ఇది 13.8 నుంచి 14.5 వరకు ఉండాలి. 13.3 కూడా దాటకపోతే ఛార్జింగ్ చాలడం లేదు, 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజీని అదుపుచేసే రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడికిస్తోంది. కొత్త కార్లలో కంప్యూటరే ఆల్టర్నేటరును, అంటే ఇంజను బలంతో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రాన్ని, నియంత్రిస్తూ, అవసరం లేదనుకున్నప్పుడు వోల్టేజీని తగ్గిస్తుంది. అందుకే ఒక్క చూపుతో నిర్ణయించకుండా, లైట్లు వేసి కొన్ని నిమిషాలు గమనించాలి.

ఛార్జింగ్ తక్కువగా ఉందని తేలినప్పుడు, మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అని పిలిచే ఆల్టర్నేటరును వెంటనే విప్పించకుండా, ముందు బెల్టు వదులైందా, పగుళ్లు వచ్చాయా అని చూడాలి. డాష్‌బోర్డు మీది బ్యాటరీ దీపం స్టార్టు చేసేముందు తాళం తిప్పగానే వెలిగి, ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవాలి. అసలే వెలగకపోతే దాన్ని కూడా లోపంగానే పరిగణించాలి. తరువాత మీటరును ఏసీ వోల్టులకు మార్చి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద చూస్తే అర వోల్టు దాటకూడదు. దాటితే ఆల్టర్నేటరులో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడు పోయిందని అనుమానించవచ్చు. చెడిన డయోడు పగలు ఛార్జింగ్‌ను తగ్గించడమే కాక, రాత్రి బ్యాటరీ నుంచి కరెంటును వెనక్కి లాగుతుంది కూడా.

నన్ను మోసం చేసిన ఎర్త్ లోపాన్ని పట్టుకునే పద్ధతి సులభమైనదే కానీ దీన్ని చేసేవారు తక్కువ. ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా, మీటరును తిరిగి డీసీకి మార్చి, ఒక ప్రోబును బ్యాటరీ మైనస్‌కు, రెండవ దాన్ని ఆల్టర్నేటరు లోహపు ఒంటికి ఆనిస్తే 0.2 వోల్టుకు మించి చూపించకూడదు. నా కారులో అది 0.9 చూపించింది, అంటే ఆల్టర్నేటరు 14.2 ఇస్తున్నా బ్యాటరీకి చేరేది 13.3 మాత్రమే. వైరు విప్పి, బోల్టు కింద తుప్పును గరుకు కాగితంతో రుద్ది, తిరిగి గట్టిగా బిగించడంతో అది సరిపోయింది. ఇదే పరీక్షను ఆల్టర్నేటరు లావు వైరు బోల్టుకూ బ్యాటరీ ప్లస్‌కూ మధ్య కూడా చేయాలి. తిరిగే బెల్టు పక్కన చేతులు పెడుతున్నాం కాబట్టి మెడలో కండువాగానీ చున్నీగానీ ఉంటే తీసి పక్కన పెట్టడం తప్పనిసరి.

ఒక పాత అలవాటును మాత్రం ఎవరు చేయబోయినా ఆపాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగితే డైనమో పోయినట్టు, ఆగకపోతే బాగున్నట్టు తేల్చడం అంబాసిడర్ కాలంలో సాగింది. ఇప్పటి కారులో అలా పీకిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి, వేల రూపాయల విలువైన ఈసీయూను, అంటే ఇంజనును నడిపించే కంప్యూటరును, కాల్చివేయగలదు.

మూడు కొలతలూ సరిగ్గా ఉండి, రెండు మూడు రోజులు ఆపితే మాత్రం బండి లేవకపోతే, ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతోందని అర్థం. గడియారం, అలారం, తాళపుచెవి రిసీవరు వంటి వాటికి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు మామూలే. 50 అయినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లే కనుక 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగానికి రావడానికి రెండు వారాలు పడుతుంది. అదే 300 మిల్లీ ఆంపియర్లు పోతుంటే రోజుకు 7.2 చొప్పున రెండున్నర రోజుల్లోనే సగమవుతుంది. దీన్ని కొలవడానికి ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, మైనస్ వైరు విప్పి, ఆ వైరుకూ టర్మినల్‌కూ మధ్య మీటరును కలపాలి. ఆ సమయంలో సెల్ఫ్ కొట్టకూడదు, డోరు తెరవకూడదు, హెడ్‌లైట్లు వేయకూడదు. తాళపుచెవిని ఇంట్లో దూరంగా ఉంచి ముప్పావు గంట ఆగాలి, ఎందుకంటే కారు తాళం వేసిన వెంటనే దానిలోని మాడ్యూళ్లు, అంటే చిన్న చిన్న కంప్యూటర్లు, నిద్రపోవు. తొందరపడి తొలి నిమిషంలోనే అంకె చూసి భయపడేవారు చాలామంది.

అంకె ఎక్కువగానే నిలిచిపోతే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ ఏది తీసినప్పుడు తగ్గిందో చూడాలి. కంపెనీవి కాకుండా తరువాత బయట బిగించుకున్న పరికరాలనే మొదట అనుమానించాలని నా అనుభవం. తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన మ్యూజిక్ సిస్టమ్, డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, అదనపు సెంట్రల్ లాక్, ఆరని డిక్కీ దీపం వీటిలో ముందుంటాయి. వడ్ల బస్తాలు నిల్వ ఉండే ఇళ్ల దగ్గర నిలిపే బండ్లలో ఎలుకలు వైర్లను కొరికిన చోట్లను కూడా వెతకాలి.

వాతావరణం పాత్ర కూడా తక్కువేమీ కాదు. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వేడికి బ్యాటరీలో నీరు ఆవిరై, ప్లేట్లు తొందరగా అరిగిపోతాయి. ఆ నష్టం బయటపడేది మాత్రం డిసెంబరు చలిలో, ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున బండి తీయబోయినప్పుడు. మూతలున్న బ్యాటరీ అయితే వేసవిలో నెలకోసారి నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీటిలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి, ఫిల్టరు నీరు దానికి బదులు కాదు, యాసిడ్ అసలే పోయకూడదు.

మేడారం జాతరకు వెళ్లి రెండు మూడు రోజులు బండి దగ్గరే మకాం వేసే కుటుంబాలు డిక్కీ తెరిచి ఉంచి, పాటలు పెట్టి, ఇంటిల్లిపాది ఫోన్లనూ కారులోనే ఛార్జ్ చేయడం చూశాను. తిరుగు ప్రయాణం రోజున ఆ బండ్లను నెట్టవలసి వస్తుంది. అలా దిగిన బ్యాటరీ హన్మకొండ నుంచి కాజీపేట దాకా ఓసారి నడిపినంత మాత్రాన నిండదు. సగం ఛార్జ్‌తో రోజుల తరబడి ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి శాశ్వతంగా సామర్థ్యం పోతుంది. కాబట్టి దాన్ని గాలి ఆడే చోట, సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 35 ఆంపియర్ అవర్లకు సుమారు మూడున్నర ఆంపియర్లతో రాత్రంతా ఛార్జరు మీద పెట్టించాలి.

ఇంకొక బండి నుంచి జంప్ ఇచ్చేటప్పుడు ఎర్ర కేబులును దిగిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్ల దాన్ని మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొనను దిగిన కారు ఇంజను మీది రంగు వేయని లోహానికి కలపాలి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ నిప్పురవ్వకు అంటుకుంటుంది కాబట్టి చివరి కలయిక దానికి దూరంగా ఉండాలి. తీసేటప్పుడు ఇదే క్రమాన్ని వెనుక నుంచి పాటించాలి.

ఇన్ని చూశాక కూడా బ్యాటరీయే పోయిందని తేలితే, సిగ్నల్ దగ్గర దానంతట అదే ఆగి లేచే ఇంజను ఉన్న కారుకు కంపెనీ ఇచ్చిన రకమే, అంటే ఈఎఫ్‌బీ అయితే ఈఎఫ్‌బీ, ఏజీఎం అయితే ఏజీఎం తీసుకోవాలి (ఇవి మాటిమాటికీ స్టార్టు చేయడాన్ని తట్టుకునేలా చేసిన బ్యాటరీ రకాలు). ధర తక్కువని మామూలుది బిగిస్తే ఏడాది తిరగకుండానే మళ్లీ దుకాణానికి రావలసి ఉంటుంది. తయారీ తేదీ చూసి, నెలల తరబడి అరలో ఉన్నదైతే వద్దనాలి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకుని, పాతదాన్ని అక్కడే ఇచ్చి దాని విలువను బిల్లులో తగ్గించమని అడగాలి. కొత్తది బిగించిన గంటలోనే, దుకాణం ముందే, పైన చెప్పిన మూడవ కొలతను మరోసారి తీసుకుని ఆ అంకెను వారంటీ కార్డు వెనుక రాసుకుంటే, తరువాత ఎప్పుడు అనుమానం వచ్చినా పోల్చుకోవడానికి ఉంటుంది.