తాగే నీళ్లు మార్చారు సరే, అన్నం ఏ నీళ్లతో వండుతున్నారు?

నల్గొండ, ప్రకాశం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ (ఎక్కువైతే పళ్లని, ఎముకల్ని దెబ్బతీసే లవణం) ఎక్కువుండే ఊళ్లలో ఇప్పుడు చాలామంది తాగడానికి నీళ్ల ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చుకుంటున్నారు, మంచిదే. కానీ అన్నం, పప్పు, టీ, పిల్లల రాగిజావ మాత్రం బోరు నీళ్లతోనే కానిచ్చేస్తారు. ఉడికేటప్పుడు ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోయి మన కడుపులోకే వస్తుంది. కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, ఎక్కువసేపు మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. బట్టలో వడగట్టినా, రాగి బిందెలో పోసినా అంతే.

అందుకని ముందు టెస్ట్ చేయించండి. ఫ్లోరైడ్‌కి రంగు, వాసన ఏమీ ఉండవు. బోరు కాసేపు వదిలేసి, ప్లాస్టిక్ సీసాని (గాజుది వద్దు) అదే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇవ్వండి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ముంచి నీళ్లు బాగున్నాయంటే నమ్మకండి, అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, దానికి ఫ్లోరైడ్ విడిగా తెలియదు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. పక్కింటి బోరు రిపోర్టు మీ బోరుకు పనికిరాదు.

ఎక్కువుందని తేలితే, ఫ్లోరైడ్ తక్కువున్న మంచినీళ్లు మొదట ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి. పిల్లలకి ఆ వయసులోనే శాశ్వత దంతాల పైపొర తయారవుతుంది, అప్పుడు పడిన గార మచ్చలు తర్వాత ఎంత తోమినా పోవు. ఎసరు, పప్పు, టీ, పిండి రుబ్బడం, బియ్యం ఆఖరి కడుగు, అన్నీ మంచినీళ్లతోనే చేయండి. స్నానానికి, బట్టలకి బోరు నీళ్లు వాడుకోవచ్చు, టెన్షన్ అక్కర్లేదు.

ఆర్వో ఫిల్టరు ఫ్లోరైడ్‌ని బాగా తగ్గిస్తుంది, కానీ లోపల వడగట్టే పొర (మెంబ్రేన్) పాడైతే పెట్టీ లాభం లేదు, కాబట్టి అప్పుడప్పుడు ఫిల్టరు నుంచి వచ్చే నీళ్లు కూడా ల్యాబ్‌కి పంపండి. క్యాన్ నీళ్లకీ ఇదే మాట. పటిక, సున్నంతో శుభ్రం చేసే నల్గొండ పద్ధతి మంచిదే, నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ (నీరి) వాళ్లు తయారుచేసింది, కానీ ఎంత వేయాలన్నది మీ నీటిని బట్టి మారుతుంది, ఇంట్లో చేతి అంచనాతో వేస్తే అల్యూమినియం మిగిలిపోవచ్చు, వద్దు. డాబా శుభ్రంగా ఉంచుకుని వాన నీళ్లు పట్టుకోగలిగితే వంటకి అవి చాలా మేలు.

తిండిలో పాలు, పెరుగు, మునగాకు, ఉసిరి తరచుగా ఉండాలి, కాల్షియం తక్కువైన పిల్లల్ని ఫ్లోరైడ్ ఎక్కువ దెబ్బతీస్తుంది. చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోతుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల్లో తేలింది, చారు మానకండి. నల్ల ఉప్పు, చిక్కటి టీలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, తగ్గించండి.

ఫ్లోరైడ్ వల్ల నడుము, మెడ కూడా బిగుసుకుపోవచ్చు, అలా ఉందని డాక్టరు దగ్గరికి వెళ్తే నీళ్ల రిపోర్టు వెంట తీసుకెళ్లండి, లేకపోతే మామూలు కీళ్ల నొప్పులని మందులు రాసి పంపేయొచ్చు. అలాగే అంగన్‌వాడీలో, బడిలో మధ్యాహ్న భోజనం ఏ నీళ్లతో వండుతున్నారో వెళ్లి అడగండి, పిల్లలు ఒక పూట తినేది అక్కడే.