ట్రెడ్‌మిల్ మీద నడుస్తూనే అడవి దారి, ఏటి ఒడ్డు చుట్టిరావడం ఎలా?

ఎదురుగా గోడ, చూపేమో టైమర్ మీద. ట్రెడ్‌మిల్ మీద విసుగు పుట్టడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. అడవుల్లో, నదుల వెంట నడుస్తూ తీసిన వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. ‘వర్చువల్ వాక్’ అని వెతకండి. సరైనది దొరికితే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

1. వీడియో ఎంచుకోండి. కెమెరా మన కంటి ఎత్తులో, కుదుపుల్లేకుండా, ఆగకుండా ముందుకు సాగాలి. డ్రోన్ వీడియోలు చూడ్డానికి ఎంత బాగున్నా నడకకు పనికిరావు. కళ్లు గాల్లో ఎగురుతూ కాళ్లు నేలమీద ఉంటే తల తిరుగుతుంది. సంగీతం కలిపినవి కూడా నేను వద్దనే అంటాను. నీటి గలగల, పిట్టల కూతలు, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు ఉంటేనే ఆ చోట నడుస్తున్నట్టుంటుంది.

మొదటిసారికి జపాన్‌లోని కామికోచి లోయను ఎంచుకోండి. 1915లో యాకెదాకె అగ్నిపర్వతం బద్దలై అజుసా నదికి అడ్డుకట్ట పడటంతో అక్కడ తైషో కొలను ఏర్పడింది. ఆ కొలను నుంచి కప్పా వంతెన దాకా సుమారు మూడున్నర కిలోమీటర్లు, గంట నడక. దారి చాలావరకు చదును. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. చిత్తడి నేల వచ్చిన చోట చెక్కబాట మొదలవుతుంది, అడుగుల చప్పుడూ మారిపోతుంది.

2. తెర కంటికి ఎదురుగా పెట్టండి. ఫోన్ ట్రెడ్‌మిల్ మీదే పెడితే మెడ వంచి నడవాల్సి వస్తుంది. టీవీకి కలుపుకోవడం మేలు.

3. వేగం కలపండి. అసలు కిటుకు ఇదే. మొదటి ఐదు నిమిషాలు గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిచి, ఒళ్లు వేడెక్కాక 4 లేదా 5కి పెంచండి. ఇప్పుడు తెరమీద పక్కనున్న చెట్లను గమనించండి. మీ అడుగుల కంటే అవి త్వరగా వెనక్కి పోతుంటే వీడియో ప్లేబ్యాక్ స్పీడ్ 0.75కి తగ్గించండి, మందకొడిగా ఉంటే 1.25కి పెంచండి. వీడియోను అందుకోవాలని బెల్ట్ వేగం మాత్రం పెంచకండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మీకు సరిపడే వేగం అదే.

4. దారిలో ఎత్తు వస్తే ఇంక్లైన్, అంటే బెల్ట్ వాలు, పెంచండి. 1 నుంచి 3 శాతం చాలు. దారి చదునవగానే తగ్గించేయండి.

5. జాగ్రత్త. సేఫ్టీ కీ (ఊడితే బెల్ట్‌ను ఆపేసే తాళం) క్లిప్ బట్టలకు తగిలించుకోవడం మరవొద్దు. తెరమీద దారి మలుపు తిరిగితే తెలియకుండానే ఒళ్లు అటు ఒరుగుతుంది. అలవాటయ్యేదాకా ఒక చెయ్యి ట్రెడ్‌మిల్ పక్క కడ్డీ మీద ఉంచండి. తల తిరిగినట్టనిపిస్తే కళ్లు మూయకండి. టీవీ అంచునో, కదలని మరో వస్తువునో చూస్తూ బెల్ట్ ఆపండి. గుండెజబ్బు, వెర్టిగో (తరచూ తల తిరగడం) ఉన్నవాళ్లు ముందుగా డాక్టర్‌ని అడగాలి.

చివరి ఐదు నిమిషాలు వేగం తగ్గించి, బెల్ట్ పూర్తిగా ఆగాకే దిగండి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు ఇలాంటి నడకో, ఇంతే శ్రమ ఉండే మరో వ్యాయామమో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. కామికోచి దారి సగంలో ఆపి, మర్నాడు అక్కణ్నుంచే మొదలుపెట్టండి.