పేపర్లలో దేశాలు లెక్కపెట్టడం ఎలా

బరంపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. "మేడమ్, ఏ సబ్జెక్టు వాళ్లు విదేశాలతో ఎక్కువ కలిసి రాస్తారో ఎలా తేల్చాలి?" అని పీహెచ్‌డీ పిల్లలు అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

రెండు జర్నళ్లు తీసుకోండి: ఒకటి లెక్కలది, ఒకటి సముద్ర జీవశాస్త్రానిది. ఒకే సంవత్సరం, ఒక్కోదాంట్లో 50 పరిశోధన వ్యాసాలు. సంపాదకీయాలు, సమీక్షలు వద్దు. పరిశోధన పేపర్ల వివరాలుండే ఓపెన్‌అలెక్స్ అనే ఆన్‌లైన్ జాబితాలో పైసా కట్టకుండా వెతకొచ్చు. ఒక్కో పేపరుకు మూడు గడులు: రచయితలెందరు, దేశాలెన్ని, కరస్పాండింగ్ ఆథర్ (పేపరు గురించి ఉత్తరాలు రాయాల్సిన రచయిత) ఏ దేశం.

దేశాన్ని చిరునామా చూసి రాయాలి, పేరు చూసి కాదు. రావు అని ఉంటే ఇండియా అనేసుకోకండి, టెక్సస్‌లోనూ రావులున్నారు. ఒకే మనిషి కటక్ చిరునామా, జర్మనీ చిరునామా రెండూ ఇస్తే, ఒంటరిగా రాసినా లెక్కలో రెండు దేశాలు పడతాయి. అలాంటివాటి పక్కన చుక్క పెట్టండి.

మొదటిసారి మన ఊరి పేపర్లు ఏరినప్పుడు, బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా బహరంపూర్‌వి కూడా కలిపేశాను. ఇంగ్లీషులో రెండు ఊళ్ల పేర్లకూ చివరి అక్షరాల్లోనే తేడా. రెండు రోజుల పని బూడిదలో పోసిన పన్నీరైంది. ఇప్పుడు పిన్‌కోడ్ చూస్తాను: 760 అయితే మనది, 742 అయితే వాళ్లది.

మూడు దేశాలు కలిసి రాసిన పేపరుకు ఒక్కో దేశానికి ఒకటి వెయ్యొచ్చు, మూడో వంతూ వెయ్యొచ్చు. నాకు మూడో వంతే నచ్చుతుంది. ఏది వాడినా అది రాయండి, మధ్యలో మాత్రం మార్చకండి.

లెక్కల్లో ఒకరో ఇద్దరో కూర్చుని రాసేస్తారు. తాబేళ్ల మీద పని అలా కుదరదు: ఒడిశా తీరంలో ట్యాగ్ వేసినవి శ్రీలంక దాకా పోతాయి, అక్కడి వాళ్లతో మాట కలపాల్సిందే.

కణభౌతికశాస్త్రాన్ని వీటితో కలపకండి. అక్కడ అందరూ పంచుకునే పెద్ద యంత్రం ఒక్కటే, అందుకే ఒక్కో పేపరు మీద వేల పేర్లుండొచ్చు. హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన పేపరుకు రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో అసలు విషయం 9 పేజీలే, మిగతావి పేర్లూ చిరునామాలూ. అలాంటిది ఒక్కటి పడినా సగటు ఎగిరిపోతుంది. అందుకే సగటు కాదు, మధ్యగతం (అంకెల్ని వరసగా పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) వాడండి.

అంతా అయ్యాక ఓ పది పేపర్లు వేరేవాళ్లతో మళ్లీ లెక్కపెట్టించండి. మా ఇంట్లో ఆ పని మా చెల్లెలిది. నా తప్పులు పట్టుకోవడమంటే దానికి మహా సరదా.