ఇంటి వైఫై మనమే వేసుకుందాం – 4వ పాఠం: యాక్సెస్ పాయింట్ ఏది కొనాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చాలామంది చేశారు. ఇల్లంతా తిరిగి గది గదికీ సిగ్నల్ అంకె రాసి పంపారు. వాటిని ముందు పెట్టుకుని కూచుంటే అర్థమైంది, కొనే మాట ఎత్తకముందు ఆ అంకెల సంగతి తేల్చాలని. ఇలాగే ముందుకెళ్తే సగంమంది బాగున్న గదిలో కొత్త పాయింటు (యాక్సెస్ పాయింట్, అంటే వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే బాక్సు) బిగించుకుంటారు.

పైన పడగ్గదిలో మైనస్ 79, కింద హాల్లో మైనస్ 45 వచ్చాయని, కాబట్టి పడగ్గదిలోనే సిగ్నల్ ఎక్కువుందని నలుగురు రాశారు. అది తిరగబడిన లెక్క. అప్పు లెక్కలా చూడండి. 45 రూపాయలు బాకీ ఉన్నవాడి పరిస్థితి, 79 బాకీ ఉన్నవాడికన్నా నయం. సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. ఇంకో సంగతి, ఇవి మామూలు తీసివేత అంకెలు కావు. వీటి కొలమానం పేరు డీబీఎం. అందులో 3 పడిందంటే బలం సగమైంది, 10 పడిందంటే పదో వంతే మిగిలింది. హాలుకీ పడగ్గదికీ ఉన్న ఆ 34 తేడా అంటే సిగ్నల్ సుమారు రెండున్నర వేల వంతుకి పడిపోయిందని అర్థం. "కొంచెం తక్కువ" అని రాసినవాళ్లు ఇది ఒకసారి మళ్లీ చదవండి.

రెండోది, విండోస్ లాప్‌టాప్‌తో కొలిచినవాళ్లు శాతాలు పంపారు. 60 శాతం అంటే ఫస్టు క్లాసు అనుకున్నారు. ఇక్కడ కాదు. శాతాన్ని సగం చేసి అందులోంచి 100 తీసేయండి. 60లో సగం 30, వంద తీసేస్తే మైనస్ 70. అది అంచు మీద నిలబడ్డ సిగ్నల్. 50 శాతమైతే మైనస్ 75, వీడియో కాల్ మధ్యలో ఆగుతూ సాగుతూ ఉంటుంది.

కొలిచేటప్పుడు గుమ్మంలో నిలబడకండి. మీరు రోజూ కూచునే కుర్చీలో కూచుని, ఫోన్ రోజూ పట్టుకున్నట్టే పట్టుకుని, అర నిమిషం ఆగి చూడండి. పక్కనే ఫోన్ పట్టుకున్న బ్యాండ్ (వైఫై వాడే రేడియో తరంగాల పరిధి) 2.4 గిగాహెర్ట్జా, 5 గిగాహెర్ట్జా అన్నది కూడా రాయండి. అది లేని అంకె నాకు పనికిరాదు. నా హద్దు ఇది: పని చేసుకునే చోట, పిల్లలు ఆన్‌లైన్ క్లాసు వినేచోట 5 గిగాహెర్ట్జ్ మీద మైనస్ 67కి తగ్గకూడదు. పడగ్గదిలో మైనస్ 70 దాకా సరిపెట్టుకుంటాను. బాత్రూముల గురించి లెక్క చేయను.

ఇక ఎంపిక. రూటర్‌కీ యాక్సెస్ పాయింట్‌కీ తేడా మొదటి పాఠంలో అయిపోయింది.

తెనాలి నుంచి ఒకావిడ పంపిన కాగితం చూపించి చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో ఇళ్లు ఎక్కువ ఇలాగే ఉంటాయి. కింద ఒక అంతస్తు, పైన ఒకటి. బయటి గోడలు తొమ్మిదంగుళాలు, లోపలివి నాలుగున్నర. నెట్ బాక్సు హాల్లో టీవీ వెనక చెక్క అల్మరాలో. కింద పడగ్గదిలో మైనస్ 64. వంటింట్లో మైనస్ 68. పైన కొడుకు లాప్‌టాప్ పెట్టుకునే గదిలో మైనస్ 81. ఆ గదికీ హాలుకీ మధ్య స్లాబు ఉంది, స్లాబులో ఇనుప ఊచలున్నాయి, దారిలో ఇనప బీరువా కూడా ఉంది. ఆవిడ అడిగిన ప్రశ్న: "నాలుగు యాంటెన్నాలున్నది ఉంది కదా, ఆరు యాంటెన్నాలది కొంటే సరిపోతుందా?"

సరిపోదు. హాల్లోంచి ఎంత గట్టిగా అరిచినా, పైనున్న ఫోన్ తిరిగి అంత గట్టిగా అరవలేదు. ఫోన్లో ఉన్నది చిన్న బ్యాటరీ, చిన్న యాంటెన్నా. మాట రెండు వైపులా నడవాలి. ఫోన్లో గీతలు నిండుగా కనిపిస్తూ పేజీ తెరుచుకోకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఆవిడకి కావాల్సింది పై అంతస్తులో ఇంకో పాయింటు, దానికి హాల్లోంచి వైరు. అంతస్తుకి ఒకటి, వాటి మధ్య వైరు. వైరు లాగగలిగిన ఇంట్లో రిపీటర్ కొనమని నేను ఎవరికీ చెప్పను. మామూలు రిపీటర్ విన్న మాటనే అదే గాలిలో మళ్లీ చెబుతుంది, వేగం సగానికి పడుతుంది. అద్దె ఇల్లయి గోడకి మేకు కూడా కొట్టనివ్వకపోతే, రెండు బాక్సులు తమలో తాము మాట్లాడుకోవడానికి విడిగా ఒక రేడియో ఉన్న మెష్ సెట్టు తీసుకోండి.

కాబట్టి కొనేముందు తేల్చాల్సింది వైరు ఏ దారిన పైకెళుతుందన్నది. తెనాలి ఇంట్లో మెట్ల పక్కన కేబుల్ టీవీ కోసం ఎప్పుడో వేసిన పైపు ఖాళీగా ఉంది. అదే దారి. కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం నెట్ వైరు లాగొద్దు, ఎలక్ట్రీషియన్ పరవాలేదన్నా వద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయానికి వస్తున్నాను. డబ్బా మీది అంకె. ఏసీ1200, ఏఎక్స్1500, ఏఎక్స్1800, ఏఎక్స్3000. ఇవి వేగాలు కావు, కూడికలు. ఏసీ1200 అంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద 300 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), 5 మీద 867, కూడి కాస్త పైకి సర్దారు. ఏఎక్స్1500 అంటే 300, 1201. ఏఎక్స్1800 అంటే 574, 1201. ఏఎక్స్3000 అంటే 574, 2402. మీ ఫోన్ మామూలుగా ఒక సమయంలో ఒక బ్యాండ్‌నే వాడుతుంది కాబట్టి ఆ కూడికతో మీకు పని లేదు. పైగా ఆ 2402 రావాలంటే ఫోన్ కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ (బ్యాండ్‌లో ఒక దారి) పట్టుకోవాలి. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగిపోతాయి. అంటే మీ ఫోన్‌కి సంబంధించినంతవరకు ఏఎక్స్1500, ఏఎక్స్1800, ఏఎక్స్3000 మూడింటిలోనూ 5 గిగాహెర్ట్జ్ మీద వచ్చేది అదే 1201. అది కూడా గాలిలో ఒప్పుకున్న వేగం. అదే గదిలో కూచుని ఫైలు దించుకుంటే చేతికొచ్చేది 600 నుంచి 800.

ఇదింకా చిన్న మోసమే. పెద్దది డబ్బా వెనక ఉంది. ఏసీ1200 అని పెద్ద అక్షరాలతో అమ్మే చవక బాక్సుల్లో చాలావాటికి వెనక ఉన్న పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. గాలిలో 867 మోసే బాక్సుకి వెనక 100 గొట్టం. కాలువ వెడల్పుగా తవ్వి తూము చిన్నది పెట్టినట్టు. మీరు నెలనెలా 300 ఎంబీపీఎస్‌కి డబ్బు కడుతున్నా, ఆ పాయింటు కింద కూచున్నవాళ్లకి 94 మించి రాదు. ఈ 94 గుర్తుపెట్టుకోండి. స్పీడ్ టెస్టులో ఎప్పుడు చూసినా 93, 94, 94 అని గోడకి తగిలినట్టు ఆగిపోతుంటే, మీ దారిలో ఎక్కడో 100 పోర్టు ఉందన్నమాట. వైఫై బలహీనమైతే అంకె రకరకాలుగా ఊగుతుంది, ఒకే చోట ఆగదు.

లక్షణాల పట్టికలో పోర్టుల దగ్గర "10/100" అని మాత్రమే ఉంటే పక్కన పెట్టేయండి. "10/100/1000" అని గానీ, గిగాబిట్ అని గానీ ఉండాలి. వాన్ పోర్టుకీ (బయటి నెట్ వచ్చేది) లాన్ పోర్టుకీ (ఇంట్లోవాటికి ఇచ్చేది) విడివిడిగా చూడండి, ఒకటి గిగాబిట్, తక్కినవి 100 ఉన్న బాక్సులున్నాయి. మీ నెట్ కంపెనీ ఇచ్చిన బాక్సు వెనక కూడా చూడండి. కొన్నిటిలో నాలుగు పోర్టుల్లో ఒక్కటే గిగాబిట్, వైరు దానికే పెట్టాలి. మధ్యలో స్విచ్ (ఒక నెట్ వైరుని చాలావాటికి పంచే బాక్సు) పెడితే అది గిగాబిట్ కావాలి. వైరులోనే కరెంటు పంపే ఇంజెక్టర్ వాడితే అదీ గిగాబిట్ కావాలి, చవక ఇంజెక్టర్లలో 100వి కలిసే ఉంటాయి. ఇన్ని చూసి, ఎనిమిది తీగల్లో ఒకటి కనెక్టర్‌లో సరిగ్గా కూచోకపోతే మళ్లీ 100కే పడుతుంది. 100కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ పలకాలి. గోధుమ జత ఊడిపోయి మా ఇంట్లో రెండు నెలలు 94 మీదే నడిచింది. నెట్ కంపెనీకి మూడుసార్లు ఫిర్యాదు చేశాక, కనెక్టర్ కోసి మళ్లీ కొడితే ఐదు నిమిషాల్లో 280 వచ్చింది. తప్పు వాళ్లది కాదు, నా గోడలోని వైరుది.

వైరు కొనేటప్పుడు పూర్తి రాగిదే అడగండి, క్యాట్ 6 అనే రకం. అల్యూమినియానికి రాగి పూత పూసినది చేతికి తేలిగ్గా ఉంటుంది, ధర కూడా తేలిగ్గానే ఉంటుంది. కొన గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. వైరులోనే కరెంటు కూడా పంపాలంటే అది అసలు వద్దు, వేడెక్కుతుంది.

తక్కినవి గబగబా చెబుతాను. వైఫై 6 (డబ్బా మీద ఏఎక్స్ అని ఉండేది) చాలు, వైఫై 7కి ఇప్పుడు ఇంట్లో ఎక్కువ పెట్టక్కర్లేదు. పాయింటుకి కరెంటు వైరులోనే పంపే సదుపాయం ఉంటే సీలింగ్ దగ్గర ప్లగ్గు పాయింటు అక్కర్లేదు, నేను అదే ఎంచుకుంటాను. డబ్బా మీద 802.3ఏఎఫ్ అనో 802.3ఏటీ అనో ఉండాలి, అవి వైరులో కరెంటు పంపే ప్రమాణాల పేర్లు. 24 వోల్టుల సొంత పద్ధతివి ఉంటాయి, వాటి ఇంజెక్టర్ వేరేవాటికి తగిలించకూడదు. పళ్లెం ఆకారంలో ఉన్నది సీలింగ్‌కే బిగించండి, కిందికీ పక్కలకీ పరుచుకుంటుంది. గోడకి నిలువుగా పెడితే బలం కొంత అక్కర్లేని వైపుకి పోతుంది.

రెండు పాయింట్లకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి, ఛానెళ్లు మాత్రం వేరు. 2.4లో 1, 6, 11 తప్ప వేరేవి ముట్టుకోవద్దు, వెడల్పు 20 మెగాహెర్ట్జే. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే. ఐఫోన్ మైనస్ 70కి పడేదాకా వేరేది వెతకడం మొదలుపెట్టదు. అందుకే రెండిటి బలమూ పూర్తిగా పెంచితే మెట్లెక్కి పైకొచ్చినా ఫోన్ కింది పాయింటునే పట్టుకుని వేలాడుతుంది. నేను రెండిటినీ మధ్యస్థంలో పెడతాను. కొనబోయే దాంట్లో బలం తగ్గించే వీలుందో లేదో చూసుకోండి.

ఇప్పుడు పని. ఇది ఒక్క సాయంత్రంలో అయ్యేది కాదు, వారం పడుతుంది.

ఇంట్లో మూలన పడున్న పాత రూటర్ తీయండి. దాని ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) 192.168.1.2కి మార్చండి (మీ నెట్ బాక్సు 192.168.1.1 అయితే). తర్వాత డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రసులు పంచే పని) ఆపేయండి. ఆపకపోతే ఇంట్లో ఫోన్లకి రెండు బాక్సులు అడ్రసులు పంచి కొన్నిటికి నెట్ పోతుంది. వైరు దాని లాన్ పోర్టులో పెట్టండి, వాన్‌లో వద్దు. 20 మీటర్ల రెడీమేడ్ వైరు ఒకటి కొనుక్కోండి, తర్వాత కూడా పనికొస్తుంది. దాన్ని మెట్ల మీదుగా నేల మీదే పరిచి, పాత రూటర్‌ని మీరు పాయింటు పెట్టాలనుకున్న చోట స్టూలు మీద ఎత్తుగా పెట్టండి. మూడు రోజులు ఒకచోట, మూడు రోజులు ఇంకోచోట. రోజూ రాత్రి 9 గంటలకి, చుట్టుపక్కల ఇళ్లన్నీ నెట్ వాడుతున్నప్పుడు, ఆరు కుర్చీల్లో కూచుని డీబీఎం, బ్యాండ్, స్పీడ్ టెస్టు అంకె మూడూ రాయండి. తలుపులు రాత్రి వేసుకునేటట్టే వేసి కొలవండి. 94 ఎక్కడెక్కడ వచ్చిందో చుట్టూ గీత గీయండి.

చివరి రోజు పురికొసతో వైరు దారి కొలవండి, పైపు వెళ్లే మలుపులన్నీ తిరుగుతూ. వచ్చినదానికి మూడు మీటర్లు కలిపి కాగితం మీద వేయండి. గోడకి డ్రిల్ మాత్రం అయిదో పాఠం దాకా పెట్టించకండి.