అమెరికా టాక్స్ పాఠాలు – 4: ఆదాయం 5 లక్షల డాలర్లు దాటితే సాల్ట్ లెక్క

క్రితం పాఠంలో స్టాండర్డ్ డిడక్షన్ (లెక్కలేవీ చూపకుండా ఆదాయంలోంచి తగ్గించుకునే స్థిరమైన మొత్తం) తీసుకోవాలా, ఐటమైజ్ చెయ్యాలా (తగ్గించుకోదగ్గ ఖర్చుల్ని విడివిడిగా చూపాలా) అన్నది చూశాం. ఐటమైజ్ చేసేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ వారం విషయం దగ్గరే. రాష్ట్రానికి కట్టిన ఆదాయపు పన్ను, ఇంటి మీద కట్టిన ప్రాపర్టీ టాక్స్ కలిపి ఫెడరల్ రిటర్న్‌లో ఎంత తగ్గించుకోవచ్చు? అందరూ సాల్ట్ అనేది దీన్నే.

2018 నుంచి దీనికి 10,000 డాలర్ల పరిమితి ఉండేది. న్యూజెర్సీలో ఇల్లున్న చాలామందికి ఒక్క ప్రాపర్టీ టాక్స్‌తోనే అది నిండిపోయేది. 2025 జులై 4న సంతకమైన చట్టం దాన్ని 2025కి 40,000 చేసింది. 2029 దాకా ఏటా ఒక శాతం పెరుగుతుంది, 2030లో మళ్ళీ 10,000కి వచ్చేస్తుంది.

అయితే 2025లో ఆదాయం 5 లక్షలు దాటితే ఆ 40,000 కరగడం మొదలవుతుంది. దాటిన ప్రతి డాలరుకీ 30 సెంట్లు పోతాయి. 6 లక్షల దగ్గర 10,000కి చేరి అక్కడ ఆగుతుంది. ఒంటరివాళ్ళకీ, జంటకీ ఒకటే గీత. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళకి ఇది అన్యాయమే అనిపిస్తుంది నాకు. పోనీ విడివిడిగా ఫైల్ చేద్దామంటే 40,000 కాస్తా 20,000, 5 లక్షలు కాస్తా రెండున్నర లక్షలు అవుతాయి.

ఇక కాగితం తీసుకోండి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక జంట అనుకుందాం. ఆదాయం, అంటే ఫారమ్ 1040లో 11వ లైను, 5,40,000. వాళ్ళ డబ్ల్యూ-2ల (కంపెనీ ఇచ్చే జీతం, పన్నుల వివరాల పత్రాలు) 17వ గడిలో రాష్ట్ర పన్ను మొత్తం 30,000, ప్రాపర్టీ టాక్స్ 14,000. షెడ్యూల్ ఏ (ఐటమైజ్ చేసేవాళ్ళు నింపే ఫారమ్) 5డి లైనులో 44,000 పడుతుంది.

గీత దాటింది 40,000. అందులో 30 శాతం 12,000. దీన్ని పరిమితిలోంచి తీసెయ్యండి: 40,000 − 12,000 = 28,000. వాళ్ళకి దక్కేది 28,000.

ఈ తీసివేత దగ్గరే నేను చూసిన తప్పులన్నీ. 12,000ని పరిమితిలోంచి తియ్యాలి, మనం కట్టిన పన్నులోంచి కాదు. అదే జంట 25,000 మాత్రమే కట్టి ఉంటే? పరిమితి 28,000 కాబట్టి 25,000 మొత్తం దక్కుతుంది. ఒక మిత్రుడు 25,000లోంచి 12,000 తీసేసి 13,000 అని రాసుకున్నాడు. చేతికి రావాల్సిన డిడక్షన్ 12,000 వదులుకున్నట్టే కదా!

ఇంకొకటి: హైదరాబాద్‌లో మీరుండడానికి ఉంచుకున్న ఫ్లాట్‌కి కట్టే ఇంటి పన్ను ఇందులోకి రాదు.

5 లక్షలకీ 6 లక్షలకీ మధ్య ఉన్నవాళ్ళు 401(కె) (జీతంలోంచి రిటైర్మెంట్‌కి దాచుకునే ఖాతా) విషయంలో జాగ్రత్తగా ఉండాలి. మన జంట మామూలు 401(కె)లో ఇంకో 20,000 వేశారనుకోండి (పన్ను కట్టాక వేసే రాత్ రకం కాదు, రాత్‌తో ఆదాయం తగ్గదు). ఆదాయం 5,20,000కి దిగింది, పరిమితి 34,000కి పెరిగింది. అంటే పన్ను పడే మొత్తం 20,000 కాదు, 26,000 తగ్గింది. గృహరుణం వడ్డీ (ఐటమైజ్ చేసేటప్పుడు అదీ కలుస్తుంది) 20,000 ఉందనుకుంటే వాళ్ళు 32 శాతం శ్లాబులో ఉంటారు. ఆదా 8,320 డాలర్లు. ఇది డిసెంబరు లోపల జీతంలోంచే జరగాలి, ఏప్రిల్‌లో గుర్తొస్తే చెయ్యలేం.

వచ్చే వారానికి ఈ లెక్క చేసి ఉంచండి: జంట ఆదాయం 5,75,000, కట్టిన పన్నులు 36,000, గృహరుణం వడ్డీ 12,000, వేరే డిడక్షన్లేవీ లేవు. 2025లో జంటకి స్టాండర్డ్ డిడక్షన్ 31,500. వీళ్ళు ఐటమైజ్ చెయ్యాలా, వద్దా?