రూతు గ్రంథం చదివే ముందు తెరవాల్సిన పేజీలు

బైబిల్లోని రూతు గ్రంథం 4 అధ్యాయాలు, 85 వచనాలు. నింపాదిగా చదివినా అరగంట పట్టదు. అందుకే చాలామంది 'మంచి కోడలి కథ' అనుకుని మూసేస్తారు. అత్తాకోడళ్ల అనుబంధం ఉంది, కాదనలేం. కానీ మగదిక్కు పోయిన ఇద్దరు ఆడవాళ్లకి (అత్త నయోమి, కోడలు రూతు) తిండి, పొలం, వంశం పేరు ఎలా దక్కాయన్నది అసలు లెక్క. అది తెలియాలంటే ముందు ధర్మశాస్త్రం (బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు) తిరగేయాలి.

మొదట సంఖ్యాకాండము 27:8-11. ఆస్తి కొడుక్కి, లేకపోతే కూతురికి, తర్వాత అన్నదమ్ములకి, తండ్రి అన్నదమ్ములకి, ఆపైన దగ్గరి బంధువుకి. ఈ వరుసలో భార్య లేదు. కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి, నయోమి దిగులు ఎక్కడిదో తెలుస్తుంది.

తర్వాత లేవీయకాండము 19:9-10, ద్వితీయోపదేశకాండము 24:19-22. చేను అంచులదాకా కోయకూడదు, పరిగె ఏరకూడదు, మరిచిన పన కోసం వెనక్కి పోకూడదు. అది పరదేశికి, తండ్రి లేనివారికి, విధవరాలికి. ఇప్పుడు రూతు 2:15-16 చూడండి. రూతు పరిగె ఏరిన పొలం యజమాని, నయోమి భర్తకి బంధువైన బోయజు, చట్టం అడిగినదానికంటే ఎక్కువే చేశాడు: పనల మధ్య ఏరుకోనిమ్మన్నాడు, కావాలనే కొన్ని కంకులు వదలమన్నాడు. సాయంత్రానికి ఆమె దులిపిన యవలు సుమారు ఒక ఏఫా, అంటే దాదాపు 22 లీటర్లు. ఒక రోజు పరిగెకి అది చాలా ఎక్కువ. 3:15లో బోయజు ఆమెకిచ్చిన 'ఆరు కొలతలు' దగ్గర మాత్రం ఏఫాతో గుణించకండి. హెబ్రీలో అక్కడ కొలత పేరే లేదు. ఆరు ఏఫాలంటే 130 లీటర్ల పైమాట, ఎవరూ దుప్పట్లో మోసుకుపోలేరు.

అందరూ తడబడేది ఇక్కడ: రెండు వేరు వేరు నియమాల్ని ఒకటిగా కలిపేస్తారు. లేవీయకాండము 25:25లో 'గోయేల్', అంటే బీదవాడై అమ్ముకున్న బంధువు పొలాన్ని విడిపించేవాడు. ద్వితీయోపదేశకాండము 25:5-10లో మరిది ధర్మం: కలిసి నివసించే అన్నదమ్ముల్లో ఒకడు కొడుకు లేకుండా పోతే మరొకడు ఆ భార్యను పెళ్లాడాలి, తొలి కొడుకు పోయినవాడి పేరు నిలపాలి. బోయజు రూతుకి మరిది కాదు. అయినా 4:5లో ఆ రెండింటినీ ఒకే బేరంలో ముడివేశాడు. ముందు పొలం తీసుకుంటానన్న బంధువు (కథ అతనికి పేరివ్వదు, 'ఫలానావాడు' అంటుంది) అందుకే జారుకున్నాడు. తన స్వాస్థ్యం పాడవుతుందని అతనే అన్నాడు. సొమ్ము పెట్టి విడిపించిన పొలం రేపు చనిపోయినవాడి పేరున పుట్టే బిడ్డకి పోతుంది కదా.

చెప్పుల్నీ కలపకండి. ద్వితీయోపదేశకాండములో పెళ్లికి ఒప్పుకోని మరిది చెప్పును ఆ విధవరాలే ఊడదీసి, అతని ముఖం మీద ఉమ్మివేస్తుంది. రూతు గ్రంథంలో ఆ బంధువే తన చెప్పు తీసిచ్చాడు, ఉమ్మి లేదు. ఇది బేరం ఖాయం చేసే ఆనవాలు.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకోండి. 'హెసెద్' (కట్టుబడిన దయ) 1:8, 2:20, 3:10లో ఉంది. 'కానాఫ్' 2:12లో యెహోవా రెక్క, 3:9లో బోయజు వస్త్రపు కొంగు. హెబ్రీలో ఒకే మాట, తెలుగులోకి వచ్చేసరికి రెండైపోయింది. విధవరాలు అనే 'అల్మానా' మాత్రం ఈ పుస్తకంలో ఎక్కడా కనబడదు. 4:5లో రూతు 'చనిపోయినవాని భార్య'. మరిది ధర్మం వాడే మాట అదే.

1:16-17ని పెళ్లిళ్లలో చదువుతుంటారు. అవి భర్తతో అన్న మాటలు కావు, కోడలు అత్తతో అన్నవి.

బృందంగా చదువుతుంటే ఆదికాండము 38 చివరికి ఉంచండి. కొడుకు లేకుండా విధవరాలైన తామారు కథ అది; రూతు 4:12 ఆమెను పేరు పెట్టి తలుస్తుంది. ఆ తర్వాత ఈ ప్రశ్న వేయండి: రూతు చనిపోయిన భర్త మహ్లోను పేరు నిలబెడతానని బోయజు 4:10లో మాటిచ్చాడు. మరి 4:21 వంశావళిలో రూతు కన్న ఓబేదుకి తండ్రిగా బోయజు పేరు ఎందుకుంది?